అల్లుడిచ్చిన బంటు

మా నాన్న నెల్లిమర్ల వచ్చాడంటే మా వీధి వీధంతా తెలిసిపోయేది. లోపలికొచ్చి కూర్చునే మనిషైతే నాకొక్కదానికే తెలిసేది. ఆయన మా ఇంటికి ఎదురుగా ఉన్న గంగులు సోడాకొట్టు బల్ల మీద కూర్చుని, అక్కణ్ణుంచి నాతో మాట్లాడేవాడు. మధ్యలో రోడ్డు. రోడ్డు నిండా జూట్ మిల్లు షిఫ్టు దిగి వచ్చే జనం, సైకిళ్ళు, గోనెల బళ్ళు. వాటన్నిటి మీంచీ, "భాగ్యం, నీ నడుంనొప్పి తగ్గినాదేటమ్మా?" అని కేకేసేవాడు. నా నడుం సంగతి మిల్లు గేటు కాపలావాడితో సహా అందరికీ తెలుసు. నేను బజారుకెళితే ముక్కూ మొహం తెలియని వాళ్ళు ఆగి, శొంఠి రాసుకోమని సలహా చెప్పేవారు.

కారణం మా ఇంటి పట్టింపు. కూతురికి బిడ్డ పుట్టేదాకా కన్నవాళ్ళు ఆమె కాపురమున్న ఇంట్లో మెతుకు ముట్టరు. మెతుకే కాదు, మంచినీళ్ళు ముట్టరు, తమలపాకు ముట్టరు. డబ్బిచ్చి కొనుక్కున్నదైతే సరే, వస్తువుకి వస్తువు మార్చుకుంటే సరే. అల్లుడు ఊరికే ఇచ్చింది మాత్రం గడ్డిపరకైనా సరే పుచ్చుకోకూడదు. గుమ్మం ఎక్కితే ఏదో ఒకటి ముట్టాల్సొస్తుందని నాన్న అసలు లోపలికే వచ్చేవాడు కాదు. చాలా ఇళ్ళల్లో ఈ పట్టింపు ఎప్పుడో సడలిపోయింది. మా ఇంట్లో సడలకుండా మా మేనత్త దేముడమ్మ కాపలా ఉంది. నాన్నకి అప్ప ఆవిడ. భర్త పోయాక రాజాం వచ్చేసి, తమ్ముడి ఇంటికీ ధాన్యం కొట్టుకీ తమ్ముడికీ పెద్దదిక్కయి కూర్చుంది. ఆవిడ గుమ్మంలోంచి దగ్గితే కొట్లో మా నాన్న కాటా సరిచూసుకునేవాడు.

మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. అత్త వంట గురించి చెడ్డగా చెప్పను గానీ, ఆవిడ చేసిన పులుసు మా కుక్క కూడా ఆలోచించి తాగేది. అందుకని గరిటె పట్టే వయసు రాగానే పొయ్యి నేను పుచ్చుకున్నాను. అప్పట్నుంచి నా పెళ్ళి దాకా మా నాన్న తిన్న ప్రతి ముద్దా నా చేతిదే. పెళ్ళయిన మర్నాటి నుంచి నా చేతి వంట ఆయనకి అంటరానిదయింది. పిల్లల సూచన ఇంకా లేదు. అది తొందరపడితే అయ్యే పని కాదు కదా. ఆయన వచ్చినప్పుడల్లా మెడ కింద ఎముకలు ఇంకాస్త పైకి కనిపించేవి. నాకు కావలసింది ఒక్కటే. నాన్న మా ఇంట్లో పీట మీద కూర్చుని ఒక్క పూట అన్నం తినాలి. దీని కోసం నేను బతిమాలాను, అలిగాను, మా ఆయన చేత చెప్పించాను. "అలాగే తింటానమ్మా, ముందు మనవణ్ణి సూపించు" అని రోడ్డవతల నుంచి నవ్వేసేవాడు. ఆ నవ్వు వింటే నాకు ఒళ్ళు మండేది.

నాన్నకి పట్టింపు తరవాత అంత ప్రాణం చదరంగం. విజయనగరంలో ఒక పఠనమందిరం వాళ్ళు ఏటా వేసవిలో పోటీలు పెట్టేవారు. వరసగా రెండేళ్ళు నాన్నే గెలిచాడు. మూడోసారి కూడా గెలిస్తే కప్పు ఇంక తిరిగి ఇవ్వక్కర్లేదు, సొంతమైపోతుంది. అరవై ఎనిమిది వేసవిలో ఆ మూడోసారి వచ్చింది. కొట్లో గణపతి పటం పక్క గూడులోంచి అగరొత్తుల డబ్బాలు తీయించి, సున్నం వేయించి, కప్పు కోసం ఖాళీగా ఉంచాడని కబురు తెలిసింది. మనిషికి అంత నమ్మకం.

మా ఆయన పేరు ధర్మారావు. సొంత ఊరు శృంగవరపుకోట, ఉద్యోగం మిల్లు ఆఫీసులో గుమాస్తా. నెమ్మదైన మనిషే, చదరంగం బల్ల ముందు కూర్చునేదాకా. విశాఖపట్నంలో చదువుకునే రోజుల్లో హాస్టల్లో నేర్చుకున్నాడు ఆట. తెల్లకాయలు ఆయనవైతే రెండో ఎత్తుకే రాజు పక్కనున్న శకటు ముందరి బంటుని తోసుకొచ్చి, శత్రువు బంటు నోటికాడ పెట్టేస్తాడు. కావాలంటే తీసుకో అని. దాన్ని గాంబిట్ అంటారట. ఎదుటివాడు ఆశపడి ఆ బంటుని కొట్టి దాన్ని కాపాడుకునే పనిలో ఉండగా, ఈయన ఖాళీ అయిన దారిలోంచి ఏనుగునీ గుర్రాల్నీ మంత్రినీ బయటికి లాగి రాజు మీద పడిపోతాడు. సాయంత్రాలు మేమిద్దరం ఆడుకునేవాళ్ళం. నేను నాన్న ఆట చూస్తూ పెరిగినదాన్ని. బంటు తీసుకుని గమ్మున కూర్చుంటే ఈయన ఆవేశం కాసేపట్లో చల్లారిపోతుందని నాకు తెలుసు. బయటివాళ్ళకి అంత ఓపిక ఉండదు కాబట్టి బయట గెలిచేవాడు.

అలా బయటివాళ్ళని గెలుచుకుంటూ గెలుచుకుంటూ ఆఖరి ఆటకి వచ్చేశాడు. అవతల నుంచి మా నాన్న వచ్చాడు. అల్లుడూ మావా ఎదురెదురుగా కూర్చుంటారని తెలిసి ఊళ్ళో సగం మంది పఠనమందిరంలోనే ఉన్నారు. కప్పు తీసుకెళ్ళడానికి అత్త రాజాం నుంచి దిగింది. నేను మా ఆయనకి కేరియరూ, ఒక కూజా నిండా మంచినీళ్ళూ పట్టుకుని నెల్లిమర్ల నుంచి వెళ్ళాను. కిటికీ దగ్గర బల్ల మీద అత్తా నేనూ కూర్చున్నాం.

"నువ్వెవరి పక్కే?" అంది అత్త.

"నేను మధ్యనున్నాను."

"మద్దినుంటే రెండేపులా దెబ్బలు తగుల్తాయి" అని చెప్పి తమలపాకు మడత నోట్లో పెట్టుకుంది.

పోటీకి పెద్దమనిషి నరసింగరావు మాస్టారు. రిటైరైన లెక్కల టీచరు, మాట కంటే ముందు కళ్ళజోడు కదిపే మనిషి. ఆయన కళ్ళజోడు కదిపాడు, ఆట మొదలైంది. మా ఆయనవి తెల్లకాయలు. రాజు ముందు బంటు రెండు గళ్ళు. నాన్న కూడా అంతే. రెండో ఎత్తుకి మా ఆయన అలవాటు ప్రకారం శకటు ముందరి బంటుని తోసి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నాన్నకి ఊరకొచ్చే బంటంటే బెల్లం ముక్కే. మీసం కింద చిన్న నవ్వొకటి వచ్చింది. చెయ్యి చాపాడు.

గది నిశ్శబ్దంగా ఉంది. అంచేత అత్త గొంతు గదంతా వినబడింది. "ఒరే జగన్నాదం, అల్లుడు ఊరికే ఇచ్చింది పుచ్చుకుంటావేట్రా?"

సరదాకి అందో, నిజంగానే అందో ఆవిడకే తెలియాలి. జనం గొల్లుమన్నారు. నాన్న చెయ్యి గాల్లో ఆగిపోయింది. జనం నవ్వకపోతే ఆయన కూడా ఆ మాట వదిలేసి బంటు తీసుకునేవాడని నా నమ్మకం. కానీ నలుగురి ముందూ ఇంటి పట్టింపు పేరెత్తాక, వెనక్కి తగ్గే మనిషి కాదు. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

నరసింగరావు మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నాడు. "జగన్నాథం గారూ, నియమాల్లో అల్లుడూ మావా అని ఎక్కడా లేదండి."

"మీ నియమాల్లో లేకపోతే లేదు మాస్టారూ, మా ఇంట్లో ఉన్నాది. గుర్రానికి గుర్రం ఇచ్చీసి పుచ్చుకుంటే అది బేరం. ఊరికే ఇచ్చినాది పుచ్చుకుంటే దానం. అల్లుడి దానం నానెలాగ పుచ్చుకుంటాను?" అని, ఆ బంటుని ముట్టకుండా శకటుని బయటికి తీశాడు.

మా ఆయన మొహం చూడాలి. ఆ గాంబిట్ అంతా ఎదుటివాడు బంటు తీసుకుంటాడన్న నమ్మకం మీద నిలబడింది. ఇచ్చింది తీసుకోని మనిషిని ఏం చెయ్యాలో హాస్టల్లో ఎవరూ నేర్పలేదు. కాసేపు గడ్డం గోక్కుని ఇంకో బంటుని ఎర పెట్టాడు. నాన్న దాన్నీ ముట్టలేదు. తరవాత గుర్రాన్ని పెట్టాడు. నాన్న ఆ గుర్రాన్ని ఆశగా చూసి, గుటక మింగి, తన ఏనుగుని జరుపుకున్నాడు.

"తీసుకోండి మావయ్యా" అన్నాడు మా ఆయన ఉండబట్టలేక.

"వద్దు బాబూ."

"ఒక్కటే కదా."

"సాలు బాబూ, సాలు."

విందులో వడ్డించేవాడు గిన్నె పట్టుకుని వంగినట్టు ఈయనా, విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినట్టు ఆయనా. జనం పొట్టలు పట్టుకుంటున్నారు. మాస్టారు మాటలు కూడదని బల్ల మీద కొట్టి, తను కూడా మొహం అటు తిప్పుకుని నవ్వుకున్నాడు. నాకూ నవ్వు వచ్చింది మొదట్లో, అబద్ధం ఎందుకు.

కానీ ఆట నడిచేకొద్దీ నా నవ్వు తగ్గింది. మా ఆయన పెట్టిన ఎరలు ఎక్కడివక్కడ ఉండిపోయి ఆయన కాళ్ళకే అడ్డం పడుతున్నాయి. నాన్న తీరిగ్గా కోట కట్టుకుని, బేరానికి బేరం తప్ప మరేదీ ఒప్పుకోకుండా, ఒక్కో గడీ ఆక్రమించుకుంటున్నాడు. మా ఇంటి పట్టింపే గెలిచేలా ఉంది. మా ఆయన ఓడిపోతాడని కాదు నా బాధ. నేను మా ఆయన్ని రోజూ ఓడిస్తూనే ఉన్నాను. చెక్కతో చేసిన వేలెడంత బంటుని కూడా మా ఇంటిదని ముట్టుకోవడం లేదే, ఇంక నేను పెట్టిన అన్నం ఏం ముడతాడు అని నాలో మొదలైంది. గూట్లో కప్పు పెట్టుకుని, పట్టింపు వల్లే గెలిచానని ఊరంతా చెప్పుకుంటాడు. ఇంక ఈ జన్మలో దాన్ని వదలడు.

ఎండ బాగా ముదిరింది. వడగాలికి కిటికీ రెక్కలు కొట్టుకుంటున్నాయి. నాన్న పెదాలు తడుపుకోవడం చూశాను. లేచి, కూజాలోంచి గ్లాసుడు నీళ్ళు వంచి ఆయన పక్కన పెట్టాను. ఆయన గ్లాసు అందుకోబోయి ఆగాడు.

"మీ ఇంటినుంచి తెచ్చినవేటమ్మా?"

"అవును నాన్నా. మా నూతి నీళ్ళు. చల్లగా ఉన్నాయి."

ఆయన లేచి, వరండాలో ఉన్న పఠనమందిరం కుండ దగ్గరికి నడిచి, అందులోవి ముంచుకు తాగి వచ్చి కూర్చున్నాడు. గ్లాసు అక్కడే ఉండిపోయింది. ఈసారి జనం నవ్వలేదు.

నాకు కోపం ఆగలేదు. ఆట జరుగుతోందన్న సంగతి కూడా మరిచిపోయాను. "నాన్నా, అన్నాళ్ళూ నా చేతి వంటే తిన్నావు. ఆ చెయ్యే ఇది. ఇల్లు మారింది గానీ చెయ్యి మారలేదు. బిడ్డ పుడితేనే నేను నీ కూతుర్నా? పుట్టకపోతే?"

ఆ చివరి మాట అనాలని నేననుకోలేదు. మాస్టారు "అమ్మా, అమ్మా" అన్నాడు. అత్త నా కొంగు పట్టుకుని లాగింది. విడిపించుకుని వెళ్ళి వరండా గుమ్మంలో నిలబడ్డాను. ఇంటికి వెళ్ళిపోదామనుకున్నాను గానీ ఆట వదిలి వెళ్ళబుద్ధి కాలేదు. అది నాన్న పెట్టిన జబ్బే.

నాన్న బల్ల మీదకి వంగాడు. తరవాత ఆడిన ఎత్తులు మామూలుగానే, గట్టిగానే ఆడాడు. మా ఆయనకి ఇంక దారి లేదని నాకు గుమ్మంలోంచే కనబడింది. ఆయనకీ కనబడినట్టుంది, ఉన్నదంతా ఊడ్చి పెట్టేశాడు. మంత్రిని తీసుకెళ్ళి నాన్న రాజు పక్కనే, రాజు చేతికి అందేంత దగ్గర్లో దింపి, రాజుకి ముప్పని "షా" అన్నాడు. వెనక కాపు లేదు, ఏమీ లేదు. ఉత్త మంత్రి.

నేను లెక్క వేసుకున్నాను. రాజు ఆ మంత్రిని కొడితే అటునుంచి ఏనుగు షా ఇస్తుంది, వెనకే గుర్రం దూకుతుంది, ఇంక రాజుకి కదలడానికి గడి లేదు, ఆటకట్టు. కొట్టకుండా ఒక్క గడి పక్కకి జరిగితే మా ఆయన దగ్గర ఇంక చెయ్యడానికి ఏమీ మిగలదు. గెలుపు నాన్నది, కప్పు రాజాంది. పట్టింపు ప్రకారం కూడా నాన్న చెయ్యవలసింది అదే. ఊరికే ఇచ్చింది పుచ్చుకోకూడదు, జరిగిపోవాలి. ఇంత సులువైన ఎత్తు ఆయన జీవితంలో ఆడి ఉండడు.

నాన్న రాజుని ఎత్తాడు. పక్క గడి మీదకి తీసుకెళ్ళాడు. అక్కడ ఆపాడు, దింపలేదు. రాజుని రెండు వేళ్ళ మధ్య పట్టుకునే తలెత్తి గుమ్మం వైపు చూశాడు. నేను ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండేదేమో. కోపంగా ఆయన్నే చూస్తున్నాను. ఆయన కళ్ళు దించుకుని, రాజుని వెనక్కి తెచ్చి, మా ఆయన మంత్రిని తీసి పక్కన పెట్టి, ఆ గడిలో రాజుని దింపాడు.

"ఒరే, ఒరే" అంది అత్త లేచి నిలబడి. "అల్లుడి మంత్రిని పుచ్చుకున్నావేట్రా?"

"పుచ్చుకున్నానప్పా."

"ఊరికే ఇచ్చినాడు కదరా."

"ఊరికే ఇచ్చినాడనే పుచ్చుకున్నాను. అంత పెద్ద వస్తువు పుచ్చుకున్నాక ఇంకేటి మిగిల్నాది? పట్టింపు పోయినట్టే. నీళ్ళు తాగినా ఒకటే, బువ్వ తిన్నా ఒకటే." అని, ఇందాకటి నుంచి అక్కడే ఉన్న గ్లాసు అందుకుని, నీళ్ళు గటగటా తాగేశాడు. ఎండకి ఆ నీళ్ళు వేడెక్కిపోయి ఉంటాయి.

మా ఆయన ఏనుగుతో షా ఇచ్చాడు. ఆ పైన గుర్రం దూకింది. చూస్తూండగా ఆటకట్టయింది. జనం మా ఆయన్ని భుజాలకెత్తుకున్నంత పని చేశారు. మంత్రిని ఎర పెట్టి మహా ఆటగాణ్ణి పడగొట్టాడని ఒకరికొకరు చెప్పుకున్నారు. మాస్టారు మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, రాజు దిగకుండా వదిలేసిన ఆ ఖాళీ గడి వంక చూసి, నాన్న వంక చూసి, కప్పు మా ఆయన చేతిలో పెట్టాడు.

నెల్లిమర్ల బస్సులో మా ఆయన దారి పొడుగునా ఆ ఆఖరి ఎత్తు గురించే. ఎక్కడ తట్టింది, ఎలా తట్టింది, ఎంత దూరం లెక్క వేశాడు. నాన్న శ్రద్ధగా విని, "గొప్ప ఎత్తు బాబూ. నాకు ఊహకే అందలేదు" అన్నాడు. మా ఆయన పొంగిపోయి నాన్న టిక్కెట్టు కూడా తనే తీశాడు. అత్త తన టిక్కెట్టు తనే కొనుక్కుని మూతి ముడుచుకుని కూర్చుంది. "ఆడు పుచ్చుకున్నాడు, ఆడికి సెల్లినాది. నాకు మీ ఆయనేటీ ఇవ్వలేదు, నాను మాత్రం ముట్టను" అంది నాతో. అది విని మా ఆయన కప్పు తీసి ఆవిడ ఒళ్ళో పెట్టి, "ఇది మీకేనండీ పిన్నిగారూ, ఉంచుకోండి" అన్నాడు. ఆవిడ దాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి, గోటితో గీకి, కొంగున కట్టేసుకుంది. ఏడాది తిరిగాక పఠనమందిరం వాళ్ళు అడిగినా తిరిగి ఇవ్వనేలేదు.

ఇంట్లో ఏమీ లేదు. నాన్న మా ఇంటికి భోజనానికి వస్తే ఏమేమి వండాలో పెళ్ళయినప్పట్నుంచి మనసులో ఎన్నిసార్లు వండుకున్నానో. తీరా వచ్చిన రోజున పొద్దున వండిన అన్నం, చారు, అడుగు కనిపిస్తున్న గోంగూర పచ్చడి. ఒక్క క్షణం కూర్చుంటే కూర వండేస్తానన్నాను.

"ఉన్నదే పెట్టమ్మా. ఆకలేస్తన్నాది" అని నాన్న గుమ్మం దాటి వచ్చి, పీట ఆయనే వాల్చుకుని కూర్చున్నాడు.

పెట్టాను. మా ఆయన దొడ్లో కాళ్ళు కడుక్కుంటూ అత్తకి ఆ ఎత్తు మళ్ళీ మొదట్నుంచి చెప్తున్నాడు. నాన్న తలవంచుకుని తింటున్నాడు. పచ్చడి కలిపి తిన్నాడు, చారు పోసుకుని తిన్నాడు. ఆయన తినడం చూసి ఎన్నాళ్ళయిందో. అయినా అడగకుండా ఉండలేకపోయాను.

"నాన్నా, రాజుని పక్క గడిలో పెట్టాలని నీకు తెలుసు."

"తెలుసు."

"అక్కడిదాకా తీసుకెళ్ళావు కూడా."

"ఎళ్ళేను." ముద్ద మింగి, కంచం నా వైపు జరిపాడు. "అక్కడ దింపుంటే కప్పట్టుకుని రాజాం బస్సెక్కీవోణ్ణి. నువ్వు ఆ గుమ్మంలోనే ఉండిపోయేదానివి. ఇంకొంచెం సారు పొయ్యమ్మా."

పోశాను.